అలీ భాయ్ ఇంకా తేల్చలేదు

అహ్మద్ అలీ ముందు ఒక వస్తువు పెడితే తీసుకుంటాడు. రెండు పెడితే కూర్చుంటాడు.

కూర్చోవడమంటే మామూలు కూర్చోవడం కాదు. కళ్ళద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుస్తాడు. రెండు వస్తువులనూ పక్కపక్కన పెడతాడు. కాస్త దూరం జరిగి చూస్తాడు. మళ్ళీ దగ్గరికొచ్చి వాటి స్థానాలు మారుస్తాడు. కుడివైపు ఉన్నందువల్ల ఒకదానికి అనవసరమైన మర్యాద దక్కుతోందేమోనని అనుమానం. ఆ తర్వాత చాయ్ తెప్పిస్తాడు. చాయ్ వచ్చిందంటే ఆ పూటకు బేరం లేదని దుకాణదారుకు అర్థమైపోతుంది.

ఆయనకు నకిరేకల్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఇల్లు మాత్రం పక్క ఊళ్ళో, పోచయ్య ఇంటికి గోడ అవతల. ఆ గోడ మీద మోచేతులు ఆనించి పోచయ్య ఆయన్ను ఇన్నేళ్ళుగా చూస్తున్నాడు. చూసి చూసి మోచేతులే అరిగాయి తప్ప ఆయనలో ఏ మార్పూ లేదు.

ఒకసారి ఇద్దరూ కలిసి చెప్పులు కొనబోయారు. తోలువి బాగున్నాయి. రబ్బరువి కూడా బాగున్నాయి. సాయంత్రం దాకా చూసి అహ్మద్ అలీ రెండు జతలూ కొన్నాడు. కుడికాలికి తోలుది, ఎడమకాలికి రబ్బరుది తొడుక్కుని నకిరేకల్ బజారులో వారం రోజులు తిరిగాడు.

"ఏం భాయ్, కాలుకేమన్న అయిందా?" అని జనం ఆగి అడిగారు.

"కాలు మంచిగనే ఉన్నది. చెప్పు సంగతే చూస్తున్న. రెండు ఒక్కపారి తొడిగితేనే గద తేడా తెలిసేది" అన్నాడు.

మరుసటి వారం కాళ్ళు మార్చాడు.

"నా నసీబ్ మంచిది పోచన్నా" అనేది ఆయన భార్య జీనత్. "మా పెద్దోళ్ళు నన్నొక్కదాన్నే చూపించిన్రు గాబట్టి నికా అయింది. మా చెల్లెను గూడ చూపించుంటే మీ భాయ్ ఇయ్యాల్టికి మా తల్లిగారింట్ల కూసోని చాయ్ తాగుతుండె."

ఇటువంటి మనిషికి, తెలంగాణ వచ్చిన కొత్తలో, ఎవరో ఫోన్లో రెండు మిషన్ల బొమ్మలు చూపించారు.

అహ్మద్ అలీ ఇంట్లో ఒక తుపాకి ఉంది. తండ్రి నాటి జోడుగొట్టాల తుపాకి. తండ్రి పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదికి వచ్చింది. ఆ మిషన్లు తూటాలు తయారుచేసేవి. కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలను పారెయ్యకుండా ఇంట్లోనే మళ్ళీ నింపుకోవచ్చు. ఒక గుండ్రటి పళ్ళెం, దాని మీద వరసగా నిలబెట్టిన గొట్టాలు, పక్కన పొడుగాటి పిడి. పిడి ఒక్కసారి లాగితే ప్రతి గొట్టం దగ్గరా ఒక్కో పని జరుగుతుంది. ఒకటి సాపవుతుంది, ఒకటి నిండుతుంది, ఒకటి మూతి మూసుకుంటుంది. లాగిన ప్రతిసారీ పూర్తయిన తూటా ఒకటి తొట్టిలో పడుతుంది. పరాయి దేశాల్లో పోటీలకు కాల్చేవాళ్ళు వీటిని బల్లకు బిగించుకుంటారట.

నీలం మిషన్లో పళ్ళెం దానంతటదే తిరుగుతుంది. ఎర్ర మిషన్లో మనిషి చేత్తో తిప్పాలి. ప్రపంచానికి ఇది చిన్న తేడా. అహ్మద్ అలీకి మాత్రం దీని తర్వాత వేరే ఆలోచన లేదు.

"దానంతటదే తిరిగేది తీస్కో భాయ్. చేతికి పని తప్పుతది" అన్నాడు పోచయ్య మొదటిరోజే.

"తప్పుతది. కాని పోచన్నా, దానంతటదే తిరిగేది తప్పు తిరిగితే?"

"అయితే చేత్తో తిప్పేది తీస్కో."

"చేత్తో తిప్పేది నేను మర్శిపోతే?"

"మతిమరుపు నీదా, మిషన్‌దా?"

"అగో, గదే తేల్చాలె" అని అహ్మద్ అలీ సంతోషంగా కళ్ళద్దాలు తీశాడు.

చెబితే అర్థం కావడం లేదని ఒకనాడు చేసి చూపించాడు. జీనత్ పోపుల డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టాడు. గుండ్రటి డబ్బా, లోపల చుట్టూ చిన్న గిన్నెలు. పోచయ్య చెయ్యి పట్టుకుని, "నువ్వు పిడివి" అన్నాడు. పోచయ్య చెయ్యి కిందికి లాగినప్పుడల్లా డబ్బాను ఒక గిన్నె మేర తిప్పాడు. జీలకర్ర ఆవాల దగ్గరికి వెళ్ళింది, ఆవాలు మెంతుల దగ్గరికి వెళ్ళాయి. "ఇది నీలం. ఇప్పుడు ఎరుపు" అని మళ్ళీ మొదటినుంచి తిప్పాడు. లోపల పొయ్యి మీద నూనె కాగిపోతోంది. జీనత్ వచ్చి డబ్బా లాక్కుపోయింది. ఆనాటి పప్పులో జీలకర్ర ఉండాల్సిన చోట మెంతులు పడ్డాయి. పిడిగా పనిచేసిన పాపానికి పోచయ్య కూడా ఆ పప్పే తిన్నాడు.

దుకాణానికి కుట్టుమిషన్ తెచ్చిన ప్రతి మనిషినీ అడిగాడు. "అమ్మా, చేత్తో తిప్పేది మంచిదా, దానంతటదే తిరిగేదా?" వాళ్ళు తమ కుట్టుమిషన్ గురించే అనుకుని జవాబు చెప్పేవారు. పెళ్ళి విందులో పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామను అడిగాడు. పోచయ్య కుటుంబాన్ని యాదగిరిగుట్టకు దింపడానికి వెళ్ళి, కొండ కింద బండి ఆపే చోట పనిచేసే మనిషిని అడిగాడు. ఆ మనిషి విసుగెత్తి, చీటీలు వేసుకొమ్మన్నాడు. అక్కడే రెండు చీటీలు వేశారు. ఎరుపు వచ్చింది. పోచయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

"చీటీలు మంచిగ కలిపినమంటవా?" అన్నాడు అహ్మద్ అలీ.

ఇంతకూ ఆయన తుపాకి ఇంట్లో ఉండేదే తక్కువ. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. ఉమ్మడి నల్లగొండ జిల్లా సంగతి తెలిసిందే. అందరికీ వచ్చే ఎన్నికలు అక్కడా వస్తాయి, ఎవరికీ రాని ఉపఎన్నికలు అక్కడికే వస్తాయి. హుజూర్‌నగర్ అన్నారు, తుపాకి స్టేషన్‌కు పోయింది. నాగార్జునసాగర్ అన్నారు, మళ్ళీ పోయింది. మునుగోడు అన్నప్పటికి దానికి దారి తెలిసిపోయింది. "తుపాకి మా ఇంటికి సుట్టపుసూపుగ వస్తది అన్నా. ఉండేది ఠాణాలనే" అని జీనత్ నవ్వేది.

మునుగోడు ఉపఎన్నిక అయిపోయి తుపాకి ఇంటికి చేరిన ఆ చలికాలమే, పోచయ్య పల్లిచేను మీద అడవిపందులు పడ్డాయి.

ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే సమయం. పొద్దున్నే వెళ్ళేసరికి చేను ఒక మూల నాగలి పెట్టి దున్నినట్టుంది. ఊడబెరికిన మొక్కలు, నమిలి ఉమ్మిన కాయతొక్కలు. పోయిన వానాకాలం పత్తిని వాన తీసుకుపోయింది. ఇప్పుడు ఇంటికి ఆ పల్లిచేనే ఆధారం. పోచయ్య గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. లేచి పంచాయతీకి వెళ్ళి, పందులను కాల్పించడానికి సర్పంచ్ దగ్గర అనుమతి కాగితం తీసుకుని అహ్మద్ అలీ ఇంటికి వచ్చాడు.

"భాయ్, సర్పంచ్ సంతకం పెట్టిండు. తుపాకి తియ్యి."

"తీస్త. తూటాలేవి?"

"పట్నంల కొనుక్కరా."

"కొన్న తూటాల ఏం నింపిన్రో నీకెరుకనా, నాకెరుకనా? మన చేతులతోటి నింపుకున్నదే మనకు నమ్మకం. మిషన్ తేలనియ్యి."

"ఇంట్ల నింపుకుంటందుకు సర్కారు ఒప్పుకోవాలె గద?"

"ఒప్పుకోవాలె. దరఖాస్తు పెడ్త. ఏ మిషనో తేలకుండ దరఖాస్తుల ఏం రాయాలె చెప్పు?"

"ఎప్పుడు తేలుతది?"

"దగ్గర పడ్డది. ఫికర్ జేయకు."

"తెలంగాణ వచ్చిన కాడికెల్లి దగ్గర పడుతనే ఉన్నది!" అని పోచయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని విసురుగా వెళ్ళిపోయాడు.

రెండోసారి పందులు వచ్చిన మర్నాడు పోచయ్య నకిరేకల్ వెళ్ళి ఇనుప తీగ చుట్ట తెచ్చాడు. చేను చుట్టూ లాగి కరెంటు పెట్టడానికి. అది నేరమని ఊళ్ళో అందరికీ తెలుసు. తీగకు కళ్ళుండవు. పంది తగిలితే పంది, బర్రె తగిలితే బర్రె, మనిషి తగిలితే మనిషి. అవతలి మండలంలో ఒకాయన తను పెట్టిన తీగకు తనే తగిలి పోయాడని ఆ ఏడాదే విన్నారు. పోచయ్యకూ తెలుసు. కానీ దున్నిపెట్టిన చేను కళ్ళ ముందు ఉన్నప్పుడు తెలిసినవి వెనక్కి పోతాయి.

పోచయ్య భార్య ప్రమీలమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. మొగుడికి చెప్పే ధైర్యం లేక గోడ దగ్గరికి వెళ్ళి జీనత్‌ను పిలిచింది.

"చెల్లె, మీ అన్న కరెంటు పెట్టెటందుకు వైరు తెచ్చిండు. నాకు కాళ్ళు చేతులు ఆడుతలేవు. భాయ్‌కి జర చెప్పు."

సాయంత్రం అహ్మద్ అలీ వచ్చాడు. కోప్పడతాడనీ, నీతులు చెబుతాడనీ పోచయ్య మాటలు సిద్ధం చేసుకున్నాడు. అహ్మద్ అలీ చుట్ట ముందు గొంతుకూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మంచి వైరే పోచన్నా. ఎంత మందం?"

"నాకేం ఎరుక? దుకాణపాయన ఇచ్చిండు, తెచ్చిన."

"గట్లెట్ల తెస్తరు? సన్నదైతే పంది గుంజంగనే పుటుక్కుమంటది. నీ పైసలు మట్టిల కలుస్తయి. నా కాడ కొలిసేది ఉన్నది. ఇయ్యి, రేపు చెప్త."

పైసలు మట్టిలో కలుస్తాయన్న మాట పోచయ్యకు తగిలింది. చుట్ట ఇచ్చాడు.

మర్నాడు అడిగితే, "మందం సరిపోయింది. కాని గుంజలేవి పెడుతున్నవ్? కట్టెవా, రాతివా?" అన్నాడు. కట్టెవైతే చెదలు, రాతివైతే మోత. పోచయ్య ఇంటికొచ్చి ఆలోచించాడు. కట్టెవే అని తేల్చుకుని వెళ్తే, "తుమ్మనా, వేపనా?" అన్నాడు. ఆ రోజు అన్నం తింటూ పోచయ్య చెయ్యి ఆపి గోడ వైపు చూశాడు. "తుమ్మ గట్టిది. కాని వేపకు పురుగు పట్టది" అన్నాడు పైకే. ప్రమీలమ్మ అతని నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"జెరమేం లేదు. అలీ భాయ్ రోగం అంటుకున్నట్టున్నది" అన్నాడు పోచయ్య దిగులుగా.

ఈ లోపల చేను దగ్గర ఒక వింత జరిగింది. గట్ల వెంట కర్రలు పాతి, వాటికి పాత చీరలు కట్టి ఉన్నాయి. గాలికి చేను చుట్టూ రంగులు ఊగుతున్నాయి. ప్రమీలమ్మ కట్టిందని పోచయ్య అనుకున్నాడు. పోచయ్య కట్టాడని ప్రమీలమ్మ అనుకుంది. ఒకరినొకరు మెచ్చుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు కాబట్టి సంగతి అక్కడే ఉండిపోయింది. పందులు మాత్రం ఒకసారి వచ్చి, గట్టు దాకా తిరిగి, వెనక్కి పోయినట్టు అడుగులు కనిపించాయి. పల్లి మళ్ళీ పచ్చగా నిలబడింది.

చేను మీద బెంగ తగ్గాక పోచయ్యకు తల మీద జుట్టు గుర్తొచ్చింది. నకిరేకల్‌లో నవీన్‌కుమార్ కటింగ్ షాపుకు వెళ్ళాడు. నవీన్‌కుమార్ దువ్వెన పెట్టి ఆగిపోయాడు.

"కాకా, తలకు నూనె పెట్టినవా?"

"పెట్టిన. ఏమైంది?"

"ఏం గాలేదు. ఏ సంచిల ఎయ్యాల్నో చూస్కుంటున్న." కుర్చీ పక్కన రెండు సంచులున్నాయి. "అలీ భాయ్ ఎంటికెలు తీస్కపోతుండు. నూనె తలలయి ఒక సంచిల, ఎండు తలలయి ఒక సంచిల ఎయ్యాల్నంట. కలిపితే లొల్లి పెడ్తడు."

"ఎంటికెలు ఎందుకురా ఆయనకు?"

"చేన్ల గట్లకు సల్లెటందుకు. పందులు ముట్టె పెట్టి వాసన చూస్తే ఎంటికెలు ముక్కుల పోతయంట, తుమ్ముకుంట పోతయంట. నూనెయి మంచిగ పనిచేస్తున్నయా, ఎండుయా అన్నది ఇంక తేలలేదంట. రోజు పొద్దుగాల నమాజ్ అయినంక మోపెడ్ మీద సంచులేసుకొని పోతడు. చీరెలు గూడ జీనత్ చాచి ఇల్లిల్లు తిరిగి అడుక్కొచ్చింది. నీకెరుక లేదా? మీ ఇంటి పక్కనే గద?"

పోచయ్య అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. మాటల్లోనే సగం తల కత్తిరించి ఉంది. "నా ఒక్కని చేనుకు గిన్ని సంచులా?" అన్నాడు మెల్లగా.

"నీ ఒక్కనిదేంది కాకా?" అన్నాడు నవీన్‌కుమార్, కత్తెర ఆడిస్తూ.

కటింగ్ పూర్తయ్యాక పోచయ్య నేరుగా అహ్మద్ అలీ ఇంటికి వచ్చాడు. జీనత్ చాట పట్టుకుని బియ్యం చూస్తోంది.

"ఏడి చెల్లె?"

"ఎనక అర్రల ఉన్నడు అన్నా."

వెనక గదిలోకి పోచయ్య ఎప్పుడూ వెళ్ళలేదు. మిషన్ వస్తే పెట్టడానికి ఆ గది ఖాళీగా ఉంచానని అహ్మద్ అలీ చెప్పేవాడు. తలుపు తోశాడు. మిషన్ లేదు. గోడ పొడుగునా తీగ చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కొత్తవి, మెరిసేవి, కొద్దిగా తుప్పు పట్టినవి. వాటి మధ్య అహ్మద్ అలీ ముక్కాలిపీట మీద కూర్చుని వెంట్రుకల సంచి మూతి కడుతున్నాడు.

"గివన్ని ఎవ్వరివి?"

"తలా ఒకటి" అన్నాడు అహ్మద్ అలీ. దొరికిపోయానన్న బెదురు ముఖంలో లేదు. "గది నర్సింగమ్మది. జర సన్నగున్నది, మార్చుకొమ్మన్న. గా పక్కది సురేశ్‌ది. గుంజలు రాతివా, కట్టెవా అని ఇంక తేల్చుకోలేదు పాపం. గా కొత్తది మారయ్యది. నీది అడుగున ఉన్నది. తీస్కపోతవా?"

పోచయ్య గుమ్మంలోనే కూర్చున్నాడు. ఊరిలో ఎంతమంది కోపం ఆ గదిలో చుట్టలు చుట్టుకుని ఉందో చూశాడు.

"ఉండనియ్యి" అన్నాడు. "అంటే నీకు మిషన్ కొనే ఆలోచనే లేదు."

అహ్మద్ అలీ ముఖం ఎర్రబడింది. నిజంగానే నొచ్చుకున్నాడు. "కొనేది లేదని ఎవడన్నడు? కొనేది కొనుడే. తేలాలె గద!"

"మరి తుపాకెందుకు తియ్యలే?"

అహ్మద్ అలీ సంచి పక్కన పెట్టాడు. "పోచన్నా, అలీ భాయ్ వచ్చే వారం తుపాకి తీస్తడని ఊరంత నమ్మిన్రు. తుపాకి వస్తదన్నోడు కరెంటు ఎందుకు పెడ్తడు? నేను తీసి కాలుస్తె ఒక మంద పోతది, ఇంకో మంద వస్తది. నాకు తూటాలు ఒడుస్తయి, మీకు ఓపిక ఒడుస్తది. తేలనన్ని దినాలు ఏదీ ఒడవది."

"నాకొక్క మాట చెప్తే ఏమాయె?"

"చెప్తే నువ్వు ఇంటుంటివా? కోపం మీద ఉంటివి. కోపం మీదున్నోనికి వద్దంటే ఎక్కదు. ఏది మంచిదని అడిగితే కూసుంటడు."

పోచయ్యకు తుమ్మా వేపా గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వేలోపే వాకిట్లో గట్టిగా అరుపు వినిపించింది.

"అలీ భాయ్! బయటికి రా!"

మారయ్య. అతని పల్లిచేను ఆలస్యంగా విత్తినది, కాయ ఇప్పుడే పడుతోంది. ముఖం చూస్తే పొద్దున ఏం చూసి వచ్చాడో తెలుస్తోంది.

"నిన్న మల్ల పడ్డయి. మిషనన్నవ్, మందమన్నవ్, గుంజలన్నవ్. రాతి గుంజలు తెచ్చి పాతిన గూడ. ఇంకేం సాకులు లేవు. నా వైరు నాకియ్యి. ఇయ్యాల పొద్దుగూకేసరికి కరెంటు పెడ్త."

అహ్మద్ అలీ కళ్ళద్దాలు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. మారయ్యను అడగాల్సినవన్నీ అడిగేశాడు. జీనత్ చాట పట్టుకుని అలాగే నిలబడింది.

పోచయ్య లేచి ముందుకు వచ్చాడు.

"మారయ్యా, మంచి యాళ్ళకొచ్చినవ్. జర కూసో."

"కూసునెటందుకు రాలే. నా వైరు..."

"వైరు ఏడికి పోతది? అర్రల భద్రంగున్నది. నేను నీలం మిషన్ తీస్కొమ్మంటున్న, భాయ్ ఎర్రది అంటుండు. మాతోటి తెగుతలేదు. నువ్వు చెప్పినదే కానిద్దాం. అది తేలిందా, తుపాకి లేస్తది."

"నాకేం ఎరుక మిషన్ల సంగతి?"

పోచయ్యకు కూడా ఏమీ తెలియదు. నోటికి వచ్చింది అడిగాడు. "నువ్వు పిడి లాగాల్నంటే ఏ చేత్తోటి లాగుతవ్?"

"నేను ఎడమచెయ్యోన్ని."

అహ్మద్ అలీ మెల్లగా తలెత్తాడు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఇన్నేళ్ళలో బజారు, బంధువులు, పెళ్ళివారు, గుట్ట కింద మనిషి, ఎవరూ ఈ మాట ఎత్తలేదు.

"ఎడమచెయ్యి" అన్నాడు గొంతు తగ్గించి. "పిడి కుడిదిక్కున్నది. ఎడమచెయ్యోడు లాగితే పళ్ళెం ఏ చేత్తోటి తిప్పాలె? నీలం దాంట్ల తిప్పే పనే లేదు. కాని తొట్టి అడ్డమొస్తది గద పోచన్నా! యా అల్లా, మల్ల మొదటికెల్లి చూడాలె."

అది నటన కాదని పోచయ్యకు స్పష్టంగా కనిపించింది. మనిషి నిజంగానే మునిగిపోయాడు. ఆ ముఖంలో అంత ఆనందం ఈద్ నాడు కూడా ఎవరూ చూడలేదు.

పోచయ్య మనసులో వేరే లెక్క నడుస్తోంది. మారయ్య చేను పెద్దది, సంచులు చాలవు. రేపు పొద్దున మోపెడ్ వెనక తను కూడా ఎక్కాలి. అటునుంచి అటే నవీన్‌కుమార్ దగ్గరికి వెళ్ళి, ఊళ్ళో ఎవరెవరికి జుట్టు పెరిగిందో చెప్పి రావాలి.

"చెల్లె, మారయ్యకు చాయ్ పెట్టు" అన్నాడు.

జీనత్ నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళింది. మారయ్య తన ఎడమచేతిని, మొదటిసారి చూస్తున్నట్టు, ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. గాలిలో ఒకసారి కిందికి లాగి చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి అరుగు దులుపుకుని కూర్చున్నాడు.

"తొట్టి ఏ దిక్కు ఉంటదంటివి?" అన్నాడు.